పటంలో చెయ్యి

ధర్మేందర్ కెమెరా సంచి పట్టీ ధర్మేందర్ ఒడ్డూపొడవుకు సరిపోయేలా ఉండేది. అతని భార్య వినోద అతని భుజం దాకా కూడా రాదు. ఆమె ఆ సంచి తగిలించుకుని నారాయణఖేడ్ బస్టాండులో నడుస్తుంటే అది అడుగడుక్కీ మోకాలిని పొడుస్తూ వచ్చేది. పట్టీ జానెడు బిగిస్తే తీరిపోయే బాధే. కానీ ఆమె బిగించలేదు, అతను బిగించమనలేదు. కెమెరా తనది, ఇవాళ కాకపోతే వచ్చే నెల తనే మోస్తాడు, ఈ నాలుగు రోజుల భాగ్యానికి పట్టీ జోలికి పోవడమెందుకని అతని ఉద్దేశం. బండి మీద నుంచి పడి నడుము పాడుచేసుకున్నవాడికి ఆ మాత్రం ఆశ ఉండటంలో తప్పేమీ లేదు.

బరువులెత్తొద్దని దవాఖానలో చెప్పిన దగ్గర్నుంచి అతను స్టూడియో వెనక గదిలో చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకుని, మధ్యనున్న నీలం పరదా అవతలి నుంచే దుకాణం నడుపుతున్నాడు. ఎవరైనా పాస్‌పోర్టు ఫోటోకు వస్తే "లైటు ఎడమకు జరుపు, గడ్డం కొంచెం దించుమను" అని లోపలి నుంచి అరుస్తాడు. తొలిసారి వచ్చినవాళ్లు ఆ గొంతుకు ఉలిక్కిపడి కళ్లు మూసేవారు. వినోద మళ్లీ తీసేది.

పెళ్లయినప్పటి నుంచీ వినోద చోటు కంప్యూటర్ ముందే. ఖేడ్ చుట్టుపక్కల పెళ్లికొడుకుల మొటిమలన్నీ ఆమె చేతి మీదుగానే మాయమయ్యాయి. అలిగి పెళ్లికి రాని మేనమామలను తెచ్చి వచ్చినవాళ్ల పక్కన నిలబెట్టింది. ఆ పెళ్లిళ్లలో ఒక్కదానికీ ఆమె పోలేదు. ఇప్పుడు పోతున్నది. సిర్గాపూర్‌లో తొట్టెల ఫంక్షన్‌కూ, బోరంచలో పోచమ్మ గుడి దగ్గర పుట్టువెంట్రుకలకూ బస్సెక్కి పోయి, అంతమంది ముందు నిలబడి "ఇటు చూడుర్రి" అనడం అలవాటయ్యాక ఆమెకు ఆ కుర్చీ మీద మనసు పోవడం లేదు. ఆ మాట మొగుడితో అనలేదు. సంచి బరువు గురించి మాత్రం రోజూ అంటున్నది.

బరువుకు ఆమె వెతుక్కున్న మందు ఒక చిన్న కెమెరా. పేకముక్కల పెట్టెంత ఉంటుంది. హైదరాబాద్ పోయినప్పుడు కొనుక్కొచ్చింది. చేతిసంచిలో టిఫిన్ డబ్బాకూ నీళ్ల సీసాకూ మధ్య పడి ఉంటుంది, ఉన్నట్టే తెలియదు. అక్కడి దుకాణదారు ఇంకో మాట కూడా చెప్పాడు. పెద్ద కెమెరా, దాని లెన్సులు, లైట్లు అన్నీ తెచ్చి ఇస్తే ఇలాంటివే ఇంకో రెండు చిన్నవీ, మంచి ప్రింటరూ ఇస్తానన్నాడు. ఆదివారం లోపల ఏ సంగతీ చెప్పమన్నాడు.

"గీ డబ్బీతోని పెండ్లి తీస్తనంటే పెండ్లోళ్లు నవ్వుతరు," అన్నాడు ధర్మేందర్ పరదా అవతలి నుంచి. "ఆళ్ల చేతులల్ల ఫోన్లే దానికన్న పెద్దగున్నయి."

"నవ్వనీ. ఫోటో చూసినంక బందువెడ్తరు."

"కంప్యూటర్ల చూస్తే అన్నీ మంచిగనే ఉంటయి. గోడకెక్కినంక తెలుస్తది దాని కథ. పెద్దగ కొట్టిస్తే పగులుతది వినోదా. ముఖాలు ముఖాల లెక్క ఉండయి."

"పగలకుంటే?"

అవతల బల్ల కిర్రుమన్నది.

"పగలకుంటే పెద్దది ఇచ్చేద్దాం. నువ్వే తిరుగు, నేను ఈడ కూసుంట. పగిలిందనుకో, నువ్వు కంప్యూటర్ కాడికి రా. నా నడుము లేసేదాక బయటి పనులు బందు."

మాటంటే మాటే అతనికి. వినోదకు కావలసింది అదే. గోడకెక్కే ఫోటో ఒక్కటి, చిన్న కెమెరాతో తీసింది, పగలకుండా నిలబడాలి. అంతే.

మర్నాడు పొద్దున్నే ఫోను వచ్చింది. కంగ్టి అవతల, కర్ణాటక హద్దుకు ఆనుకుని ఉన్న ఊరి నుంచి. పెద్ద రైతు సంగప్ప పోయాడు. ఫోటో తీయడానికి జల్దీ రమ్మని అతని పెద్దకొడుకు సంగమేశ్వర్ చేశాడు.

వాళ్లు లింగాయతులు. వాళ్లలో పోయినవాళ్లను పడుకోబెట్టరు. స్నానం చేయించి, విభూతి పూసి, బతికి ఉన్నవాళ్లను కూర్చోబెట్టినట్టే పద్మాసనం వేసి కూర్చోబెడతారు. పూలతో కట్టిన విమానంలో అలాగే మోసుకుపోయి అలాగే సమాధి చేస్తారు. బయల్దేరే ముందు ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఒక ఫోటో తీయించుకుంటారు. తర్వాత గోడ మీద ఉండేది ఆ ఫోటోనే, తరం తర్వాత తరం. అందుకే దానికి ఫోన్లు సరిపోవు, ఖేడ్ నుంచి ఫోటోగ్రాఫర్ రావాలి.

"గోడ ఫోటో," అన్నది వినోద పరదా వైపు తిరిగి.

"రెండూ తీస్కపో," అన్నాడు అతను. "చావింట్ల పందాలు వెట్టకు. రెండిట్ల తియ్యి."

కంగ్టి దాకా బస్సులో, అక్కణ్నుంచి ఆటోలో పోయింది. ఆటో దిగి సందులో నడుస్తుంటే సంచి యథాప్రకారం మోకాలిని పొడిచింది.

పాతకాలపు ఇల్లు. తలుపులు పొట్టివి, వంగి దూరాలి. సంగప్పను ఇంకా లోపలి గదిలోనే ఉంచారు. గది నిండా ఆడవాళ్లు. సంచితో లోపలికి పోదామంటే గడప దగ్గరే ఇరుక్కుపోయింది. వినోద దాన్ని బయట అరుగు మీద దించి, చిన్న కెమెరా ఒక్కటి గుప్పిట్లో పెట్టుకుని లోపలికి పోయింది. ఆమె చేతిలో ఏదో ఉన్న సంగతి కూడా ఎవరూ గమనించలేదు.

ముసలాయనను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఆయన ముందు గొంతుకూర్చుని ఒకామె చిన్న దువ్వెనతో మీసం దువ్వుతోంది. యాభై దాటిన మనిషి. చేతికి మట్టి రంగు గాజులు. ఒక పక్క దువ్వి, తల కొంచెం వెనక్కి పెట్టి చూసి, రెండో పక్క దువ్వింది. ఆమెకు తొందరేం లేదు. వినోద ఒకసారి నొక్కింది. చప్పుడు కూడా రాలేదు.

"ఎవరామె? బిడ్డనా?" అని పక్కామెను అడిగింది.

"ఇంద్రమ్మ. పనిమనిషి. పటేలు మంచంల పడ్డకాడికెంచి తినవెట్టుడు, కడుగుడు అన్నీ ఆమెనే," అన్నది పక్కామె.

కొడుకులు వచ్చి తండ్రిని ఎత్తి బయటికి తెచ్చారు. వాకిట్లో అరటిబోదెలు, బంతిపూలతో విమానం సిద్ధంగా ఉంది. వెనక పట్టుచీర తెరగా కట్టారు. తల నిలవడానికి గడ్డం కింద నుంచి తెల్లగుడ్డ కట్టి, తలరుమాలు లోపలి నుంచి వెనక కర్రకు బిగించారు. ఎడమ అరచేతిలో లింగం పెట్టారు. భార్య భీమమ్మను తెచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టారు. ఆమె ఏడ్వడం లేదు. ఎటో చూస్తూ కూర్చుంది.

ఇక అక్కడి నుంచి చోట్ల కొట్లాట మొదలైంది. చావింట్లో గొంతులు తగ్గుతాయి గానీ పట్టుదలలు తగ్గవు. పెద్దకొడుకు సంగమేశ్వర్ కుడిపక్క. హైదరాబాద్‌లో కాంట్రాక్టులు చేసే చిన్నకొడుకు నగేష్ తానూ కుడిపక్కే. కోడళ్లు ఎవరి మొగుడి వెనక వాళ్లు. అల్లుళ్లకు మర్యాద తగ్గకూడదు. మనవలు ముందు, మనవరాళ్లు ఆ పక్కన. పక్క ఊరి వియ్యంకుడు తాను సగం మాత్రమే కనబడతాడేమోనని రెండుసార్లు జరిగాడు. వినోద పెద్ద కెమెరా కంటికి పెట్టుకుని, దించి, మళ్లీ పెట్టుకుని, చివరికి అందరినీ ఒక చట్రంలోకి తెచ్చింది.

"కదలకుర్రి," అన్నది.

అందరూ కదలకుండా నిలబడ్డారు. సంగప్ప తల కదిలింది. ముడి జారి, తల మెల్లగా ఎడమకు ఒరిగి భీమమ్మ భుజం మీద ఆగింది.

కోడళ్లు ఘొల్లుమన్నారు. సంగమేశ్వర్ రెండు చేతులతో తల ఎత్తి పట్టుకుని "ఎవరన్న ఎనుకకు పోయి పట్టుకోర్రి" అన్నాడు. నగేష్ అల్లుడి వైపు చూశాడు. అల్లుడు వియ్యంకుడి వైపు చూశాడు. తెర వెనక్కి పోయినవాడు ఫోటోలో ఉండడు. ఆ మాట ఎవరూ అనలేదు గానీ ఒక్కరూ అడుగు కదపలేదు. కన్నవాడి తల పట్టుకోవడానికి ఒక చెయ్యి లేదు అంతమందిలో. వినోద కెమెరా వెనక నుంచి అదంతా చూస్తూ నిలబడింది. ఆమెకు ఒళ్లు మండింది, కానీ అది ఆమె అనవలసిన మాట కాదు.

సంగమేశ్వర్ చుట్టూ చూశాడు. నీళ్ల బిందెతో ఇంద్రమ్మ కనబడింది.

"ఇంద్రమ్మా, ఎనుకకెల్లి పట్టు. అట్లనే పట్టు, కదలకు."

ఇంద్రమ్మ బిందె దించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, తెర వెనక్కి వంగి పోయింది. తలరుమాలుకూ పూలదండకూ మధ్య నుంచి వేళ్లు వచ్చి తలను నిలబెట్టాయి. సంగమేశ్వర్ తన చోటికి వచ్చి చొక్కా సర్దుకున్నాడు.

వినోద పెద్ద కెమెరాతో తీసింది. ఆ తర్వాత చేతిసంచిలో నుంచి చిన్నది తీసి అదే చోట నిలబడి మళ్లీ తీసింది.

"అదేంది? పిల్లలు ఆడుకునేదా?" అన్నాడు నగేష్.

"ఇది గూడ కెమెరానే అన్నా," అన్నది వినోద.

ఫోటో అయిపోగానే గుంపు చెదిరింది. బాజాలు మొదలయ్యాయి. వినోద లెన్సుకు మూత పెడుతూ చూస్తే ముసలాయన ఇంకా నిటారుగానే ఉన్నాడు. దండ పక్కన వేళ్లు అలాగే ఉన్నాయి. ఆమె తెర పక్కకు పోయి, "ఇగ చాలమ్మా, ఫోటో అయింది," అన్నది.

"ముడి వెయ్యనియ్యి బిడ్డా. ఆళ్లు రానీ," అన్నది ఇంద్రమ్మ మోకాళ్ల మీద నుంచి. ఆమె చెయ్యి వణుకుతోంది. ముడి వేసేవాళ్లు రావడానికి చాలాసేపే పట్టింది.

సాయంత్రం వినోద రెండు ఫోటోలనూ కంప్యూటర్ మీద పక్కపక్కన పెట్టి చూసింది.

పెద్ద కెమెరాకు మర్యాదా మొహమాటం తెలియవు. ఉన్నదంతా పట్టేసింది. విభూతి గీతల మధ్య ముడతలు, బంతిపూల రేకల అంచులు, వియ్యంకుడి చొక్కాకు ఊడిన గుండీ. తలరుమాలు కింద, చెవి వెనక, నాలుగు వేళ్లు. పెంచి చూస్తే గోళ్లలో ఇరుక్కున్న మసి, మణికట్టు దగ్గర పెచ్చు ఊడిన గాజు కూడా ఉన్నాయి.

చిన్నదాన్ని పెంచితే వెనక వరుస ముఖాలు మెత్తబడ్డాయి. నీడ ఉన్న చోటల్లా ఇసుక చల్లినట్టు గింజలు. వేళ్లు ఉండవలసిన చోట వేళ్లు లేవు, దండ నీడలో ఏదో గోధుమరంగు మరక. కానీ ముందువరుస బాగానే వచ్చింది. ముసలాయన మీసం, భీమమ్మ కళ్లజోడు తెలుస్తున్నాయి. వినోద కుర్చీ వెనక్కి జరిపి, గోడకు వేలాడే ఫోటోను మనిషి ఎంత దూరం నుంచి చూస్తాడో అంత దూరం నుంచి చూసింది. ఫరవాలేదు. నిలబడుతుంది. ఒకసారి లేచి ఇంకాస్త దూరం పోయి చూసింది. ఇంకా బాగుంది.

అయినా న్యాయంగా పెద్ద కెమెరా ఫోటోనే ముందు సంగమేశ్వర్ ఫోనుకు పంపింది. ఆయన వెంటనే ఫోన్ చేశాడు. వేళ్లతో పెంచి చూసే విద్య ఇప్పుడు అందరికీ వచ్చు.

"చెల్లె, నాయిన మెడ కాడ గా చెయ్యేంది? చూస్తుంటే ఎట్లనో ఉన్నది. ఎవరిదీ, ఎందుకూ అని పదిమంది అడుగుతరు. తీసెయ్ దాన్ని."

"తీసేస్త అన్నా."

తీసేయడం ఎంతసేపు? మొటిమల కన్నా సులువు. పక్క నుంచి రెండు బంతిపూలు తెచ్చి అంటిస్తే సరి. వినోద మౌస్ పట్టుకుంది. పట్టుకున్నాక ఆమెకు తట్టింది. తీసే పనే లేదు. చెయ్యి లేని ఫోటో తన దగ్గర ఉండనే ఉంది.

చిన్న కెమెరా ఫోటో పంపింది.

"అగో, గిదే మంచిగున్నది! నాయిన ముఖం ఎంత సల్లగున్నది! గిదే కొట్టియ్యి. ముందుగాల చిన్నగ ఒకటి తీసి తీస్కరా, అవ్వకు చూపెట్టాలె. దినం నాటికి పటం గోడకు ఉండాలె."

ఫోన్ పెట్టగానే పరదా అవతలి నుంచి "ఏమంటడు?" అని వినబడింది.

"చిన్నదాంట్ల తీసిందే నచ్చిందంట."

"తీసి పట్రా, చూస్త," అన్నాడు.

ప్రింటు తీసి లోపలికి పట్టుకుపోయింది. ధర్మేందర్ దాన్ని ముఖం మీద చేయి చాచినంత ఎత్తున పట్టుకుని చాలాసేపు చూశాడు. ఓడిపోవడానికి సిద్ధపడ్డవాడి చూపు కాదది, నిజంగానే చూస్తున్నాడు.

"మెడ కాడ గీ మరక ఏంది?"

"నీడ," అన్నది వినోద.

అబద్ధం చెబుతున్నానని అనుకోకుండానే వచ్చేసింది ఆ మాట. ధర్మేందర్ తలూపి ప్రింటు తిరిగి ఇచ్చాడు. "ఆదివారం హైదరాబాద్ దుకాణమాయనకు ఫోన్ చేద్దాం," అన్నాడు. ఆమె సంతోషం పట్టలేకపోయింది. అన్నం వండుతూ రెండుసార్లు తనలో తాను నవ్వుకుంది. మూడోసారి నవ్వబోతుంటే తెర వెనక వణికిన చెయ్యి గుర్తొచ్చింది. గుర్తుకు రానంత సేపే బాగుందనుకుని, పప్పులో ఉప్పు వేసిందో లేదో చూసుకుంది.

ఆ ఊరికి ఈసారి చేతిసంచి ఒక్కటే పట్టుకుని పోయింది. భుజాన బరువు లేదు, మోకాలికి దెబ్బల్లేవు. కంగ్టి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కోతకొచ్చిన కంది చేలు చూసుకుంటూ, ఇలాగే తిరగొచ్చు కదా ఏళ్ల తరబడి అనుకుంది.

ఇంట్లో చుట్టాలు చాలావరకు పోయారు. నగేష్ కూడా దినం నాటికి వస్తానని పోయాడట. భీమమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంది. వాకిట్లో ఇంద్రమ్మ చేటతో కందులు చెరుగుతోంది.

"బా అవ్వా, బా. కూసో," అన్నది భీమమ్మ. ఆ పక్క వాళ్ల నోట తెలుగూ కన్నడమూ అలాగే కలిసి వస్తాయి.

సంగమేశ్వర్ ప్రింటు తీసుకుని ముందు తాను చూసి, "ఫస్ట్‌క్లాస్," అని తల్లి చేతికిచ్చాడు. ఆమె కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఫోటోను ఒళ్లో పెట్టుకుంది. వేలు పెట్టి ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయింది. పెద్దోడు. చిన్నోడు. కోడళ్లు. వెనక వరుసలో ఒకరి దగ్గర ఆగి "ఈమె ఎవరో తెలుస్తలేదు," అన్నది. భీమమ్మ ఆ సంగతి వదిలేసి మొగుడి దగ్గరికి వచ్చింది. వేలు మీసం మీద ఆగింది. అక్కణ్నుంచి చెవి దగ్గరికి, మెడ దగ్గరికి పోయి అక్కడే నిలిచిపోయింది.

"చెయ్యి ఏది?"

"ఏ చెయ్యి అవ్వా?" అన్నాడు సంగమేశ్వర్.

"ఇంద్రమ్మ చెయ్యిరా. ఫోటో దీసినంత సేపు నా భుజానికి రాసుకుంటనే ఉండె. గాజు గుచ్చుకుండె నాకు."

చేట చప్పుడు ఆగింది.

"దీంట్ల పడలేదవ్వా. మంచిదే అయింది గద. మన పటంల పరాయి చెయ్యి ఎందుకు? చూసినోళ్లు ఎవరిదని అడుగుతరు."

"అడిగితే చెప్పు. నోరు లేదా నీకు?"

భీమమ్మ వినోద వైపు తిరిగింది.

"నువ్వు పెద్ద డబ్బతోటి గూడ తీస్తివి గద బిడ్డా. దాంట్ల గూడ పడలేదా?"

పడలేదని చెప్పొచ్చు. సరిగ్గా రాలేదు అవ్వా, కదిలింది, అని చెప్పొచ్చు. సంగమేశ్వర్ అదే చెప్పమన్నట్టు చూస్తున్నాడు, ఆయన నోరు విప్పడు. ఆదివారం ఇంక రెండు రోజుల్లో ఉంది. పెద్ద కెమెరా పోతే తాను ఇలాగే చేతులూపుకుంటూ ఊళ్లు తిరుగుతుంది. లేదంటే పరదా ఇవతల కుర్చీ ఉండనే ఉంది. వినోద అటు వాకిట్లోకి చూసింది. ఇంద్రమ్మ తల ఎత్తలేదు. చేటను రెండు చేతులతో పట్టుకుని, కందుల వంక చూస్తూ కూర్చుంది.

"పడ్డది అవ్వా," అన్నది వినోద. "సాఫ్ పడ్డది."

ఫోన్ తీసి, పెద్ద కెమెరా ఫోటోను పెంచి చూపించింది. భీమమ్మ ఫోన్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసింది. నాలుగు వేళ్లూ చూసింది. గాజూ చూసింది.

"గిదే. గిది కట్టియ్యి పటం."

"అవ్వా, అట్ల కాదు..." సంగమేశ్వర్ ముందుకు వంగాడు.

"చెయ్యి తీసేసి మీ నాయినను గోడకు ఎట్ల కూసోబెడ్తవురా? తల ఒరిగిపోతది."

ఆమె గొంతు పెంచలేదు. ఉట్టి తాడు తీస్తే కుండ పడుతుందని చెప్పినట్టే చెప్పింది. ప్రింటును వినోద చేతికిచ్చి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి వాకిట్లో చేట మళ్లీ చప్పుడు మొదలుపెట్టింది.

"పగిలిందా?" అన్నాడు ధర్మేందర్, ఆమె దుకాణంలోకి అడుగు పెట్టగానే.

"పగలలే. దాంట్ల చెయ్యి పడలే. అది నీడ గాదు, చెయ్యి. నేను నీకు అబద్ధం చెప్పిన."

పరదా పక్కకు లాగి, జరిగిందంతా చెప్పింది. అతను పైకప్పు చూస్తూ విన్నాడు. ఇంద్రమ్మను పిలిచిన చోట ఒకసారి ఆపి "కొడుకులు ఒక్కరు గూడ పోలేదా?" అని అడిగాడు. పోలేదన్నది.

"అయితే ఓడినట్టే గద నువ్వు," అన్నాడు చివరికి. ఆ మాటలో గెలిచిన సంబరమేమీ లేదు.

"ఓడిన. గోడ ఫోటోకు పెద్దదే గావాలె."

"మరి కంప్యూటర్ కాడికి వస్తవా?"

"రాను," అన్నది వినోద. దారంతా ఆలోచించుకుని వచ్చిన మాట అది. "పెద్దదే మోస్త. చిన్నది గూడ సంచిలనే ఉంటది. నడుమునొప్పి నీకు, నాకు గాదు. నువ్వు లేసినంక ఇద్దరం పోదాం."

ఆమె టీ పెట్టడానికి పోయింది. గ్లాసులతో తిరిగి వచ్చేసరికి అతను పక్కకు తిరిగి, నడుము కింద దిండు దోపుకుని, కెమెరా సంచిని దగ్గరికి లాక్కుని ఉన్నాడు. పట్టీకి ఉన్న ఇనప బకిల్ ఏళ్లుగా ఒకేచోట ఉండి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దాన్ని స్క్రూడ్రైవర్ కొనతో లేపి, పట్టీని జానెడు లోపలికి లాగాడు.

"ఇటు రా, భుజానికేస్కో," అన్నాడు. "ఇంకింత గుంజాల్నా?"

దినం నాడు వినోద ముందే పోయింది. హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చిన పెద్ద ప్రింటుకు ఖేడ్‌లోనే అద్దం, చట్రం వేయించింది. ఒక భుజాన కెమెరా సంచి, ఇంకో భుజాన చేతిసంచి, రెండు చేతుల్లో పటం. ఆటో దిగి నడిచినంతసేపు సంచి నడుము పక్కన కుదురుగా ఉంది గానీ బరువు మాత్రం ఎక్కడికీ పోలేదు. భుజం కోసుకుపోతోంది.

వాకిట్లో గిన్నెలు తోముతున్న ఇంద్రమ్మ లేచి పటం అందుకోబోయింది. వినోద పటాన్ని అరుగుకు ఆనించి, చేతిసంచిలో నుంచి పోస్టుకార్డంత ఫోటో ఒకటి తీసి ఇచ్చింది. ఆ రోజు లోపలి గదిలో చిన్న కెమెరాతో తీసింది. అంత చిన్నగా కొట్టిస్తే గింజలేవీ కనబడటం లేదు. ముసలాయన ముందు గొంతుకూర్చుని ఇంద్రమ్మ మీసం దువ్వుతోంది.

ఇంద్రమ్మ తడి చేతులు తుడుచుకుని అంచులు పట్టుకుని చూసింది. "పటేలు నిద్రవోయినట్టే ఉన్నడు," అన్నది. దాన్ని తీసుకుపోయి ఎక్కడో లోపల పెట్టి వచ్చింది.

వసారాలో తాత ముత్తాతల పటాల పక్కన ఖాళీ చూసి సంగమేశ్వర్ స్టూలు ఎక్కాడు. మేకు కొట్టే ముందు ఎత్తు చూడాలన్నాడు. నగేష్ అప్పుడే కారు దిగి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అల్లుళ్లు భోజనాల ఏర్పాట్లు చూస్తున్నారు. సంగమేశ్వర్ చుట్టూ చూశాడు.

"ఇంద్రమ్మా, ఇటు రా. పటం పట్టు."

ఇంద్రమ్మ వచ్చి పటాన్ని రెండు చేతులతో గోడకు ఆనించి ఎత్తి పట్టుకుంది.

"కొంచెం మీదికి. ఆఁ. అట్లనే పట్టు, కదలకు," అన్నాడు సంగమేశ్వర్.

అన్నాక అతని సుత్తి గాలిలో ఆగింది. ఆ మాట ముందెప్పుడో అన్నట్టు అతనికే తోచింది. అద్దం లోపల తండ్రి మెడ దగ్గర నాలుగు వేళ్లు, అద్దం బయట చట్రం అంచున నాలుగు వేళ్లు. తల్లి వసారా మూల నుంచి చూస్తోంది. అతను మేకు కొట్టాడు.

"ఇగ వదులు," అన్నాడు. ఈసారి అనడం మరిచిపోలేదు.

ఇంద్రమ్మ వదిలింది. పటం కొద్దిగా ఎడమకు ఒరిగింది. ఆమె రెండు వేళ్లతో దాన్ని మెల్లగా సరిచేసి, చూసి, గిన్నెల దగ్గరికి పోయింది. అద్దం మూలన బూడిద అంటిన వేలిముద్రలు మిగిలాయి. సంగమేశ్వర్ తుడుద్దామని భుజం మీది తువ్వాలు తీశాడు. ఒక క్షణం పటం ముందు అలాగే నిలబడి, దానితో తన ముఖం తుడుచుకుని స్టూలు దిగాడు.